ఎడమ చక్రానికి ఎడమ మర ఎందుకు?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారట. ఇప్పుడు తీరిగ్గా పాత విల్లీస్ జీపు ఒకటి బాగుచేసుకుంటున్నారు. ఎడమ చక్రాల స్టడ్లు అరిగిపోతే అమెరికాలోని ఒక విడిభాగాల కొట్టు నుంచి కొత్తవి తెప్పించారు. వచ్చిన స్టడ్లకు పాత నట్లు ఎక్కలేదు. గాజువాక ఆటోనగర్‌లో చూపిస్తే మెకానిక్ తేల్చాడు: పాతవి లెఫ్ట్ థ్రెడ్డు, వచ్చినవి రైట్ థ్రెడ్డు. "ఎందుకు సార్ ఈ గొడవ, ఇప్పుడొచ్చే బళ్ళన్నీ రైట్ థ్రెడ్డే కదా, అన్నీ అవే వేసేద్దాం" అన్నాడట. వెయ్యొచ్చా అని ప్రశ్న.

వెయ్యొచ్చు. అయినా వద్దంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త దూరం వెళ్ళాలి. ఈ ప్రశ్న అందినప్పటి నుంచి నాకు వేరే పని మీద ధ్యాస లేదు.

ముందు తప్పుడు పార్టు ఎందుకొచ్చిందో చూద్దాం. ఆ కొట్టువాళ్ళ జాబితాలో "ఎడమ", "కుడి" అని లేదు. "డ్రైవర్ వైపు", "ప్రయాణికుడి వైపు" అని ఉంది. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి, ఈయనకు కావలసిన ఎడమవైపు ప్రయాణికుడిది. అలాగే ఆర్డరిచ్చారు. అమెరికాలో డ్రైవరు కూర్చునేది ఎడమవైపు. పంపినవాడిది తప్పు కాదు, అడిగినవాడిదీ కాదు. స్టీరింగును కుడికి మార్చినంత మాత్రాన మర దిశ మారదు. చక్రం బండికి ఏ పక్కన ఉందన్నదే లెక్క.

మరల చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి దాటేస్తాను. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల కోణంతో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు అన్నాడు. ఆ 5 డిగ్రీల తేడా రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశాల ప్రాణం తీసింది. రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లను డెట్రాయిట్‌లో తయారుచేసిన ప్యాకార్డ్ కంపెనీ బ్రిటిష్ మరలు కోసే పనిముట్లు ప్రత్యేకంగా సిద్ధం చేసుకోవలసి వచ్చింది. చివరికి 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఒకే ప్రమాణానికి ఒప్పుకున్నాయి. జీపు ఆ ఒప్పందానికి ముందే పుట్టిన అమెరికా బండి. దాని చక్రపు స్టడ్డు అర అంగుళం మందం, అంగుళానికి 20 చుట్లు. మహీంద్రావాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టడంతో ఆ అంగుళాల మరలు మనకూ వచ్చాయి. తర్వాత అదే వంశపు జీపుల్లో ఫ్రెంచి ప్యూజో డీజిల్ ఇంజను పెట్టారు. అది మిల్లీమీటర్ల ఇంజను. అందుకే పాత జీపు పెట్టుకున్నవాడి దగ్గర రెండు రకాల పానాల సెట్లు ఉండక తప్పదు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. సుజుకి కార్లకు వాడే స్టడ్డు 12 మిల్లీమీటర్లు, చుట్టుకు చుట్టుకు దూరం 1.25 మి.మీ. జీపుది 12.7 మి.మీ., చుట్టు దూరం 1.27. జీపు నట్టు ఈ సన్న స్టడ్డు మీదకు హాయిగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. కానీ నట్టు లోపలి రంధ్రం 11.3 మి.మీ. కాబట్టి పళ్ళు ఒకదానిలో ఒకటి దిగేది మూడో వంతు మిల్లీమీటరే; ఉండాల్సిన పట్టులో సగం. గట్టిగా తిప్పితే పళ్ళు ఊడి చేతికొస్తాయి. "ఎక్కింది కదా" అనేది మరల విషయంలో పరీక్ష కాదు.

ఇక అసలు విషయం. చాలామంది చెప్పే వివరణ ఇది: బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది, నట్టు మాత్రం జడత్వం వల్ల ముందుకే తిరగబోతుంది, ఆ తిరుగుడు బిగించే దిశలో ఉండాలని ఎడమవైపు ఎడమ మర పెట్టారు. మెకానిక్కులే కాదు, ఇంజనీర్లు కూడా ఇదే చెబుతారు. వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే నిలబడదు. 50 గ్రాముల నట్టు, సెంటీమీటరు వ్యాసార్ధం, గట్టి బ్రేకు: దాని జడత్వం వల్ల పుట్టే మెలితిప్పు బలం, మనం స్పానరుతో పెట్టే బలంలో పది లక్షల వంతు కూడా ఉండదు. పైగా బ్రేకులో వచ్చింది యాక్సిలరేటరు తొక్కినప్పుడు తిరిగి పోతుంది. బండి ఎన్నిసార్లు ఆగుతుందో అన్నిసార్లూ బయల్దేరుతుంది మరి.

అసలు కారణం దొర్లడం. ఇంట్లో చేసి చూడండి. అంచున్న స్టీలు పళ్ళెం, అందులో కాస్త వదులుగా పట్టే గుండ్రటి మూత తీసుకోండి. మూత మీద పెన్నుతో ఒక గీత గీయండి. మూతను పళ్ళెం అంచుకు ఒకచోట ఆనించి, జారనివ్వకుండా, ఆ ఆనే చోటును గడియారపు ముల్లు దిశలో అంచు వెంట చుట్టూ నడిపించండి. చుట్టు పూర్తయ్యేసరికి మూత మీది గీత మొదలుపెట్టిన చోట ఉండదు. వెనక్కి, అంటే అపసవ్య దిశలో జరిగి ఉంటుంది. ఆనే చోటు ఒక దిక్కుకు, మూత దానికి ఎదురు దిక్కుకు.

ఇప్పుడు జీపు ఎడమ పక్కకు వచ్చి నిలబడండి. బండి ముందుకు వెళ్తుంటే ఇటునుంచి చూసేవాడికి చక్రం అపసవ్యంగా తిరుగుతుంది. బండి బరువు ఎప్పుడూ కిందికే. కానీ తిరిగే చక్రం మీద కూర్చుని చూస్తే ఆ బరువు దిశే సవ్యంగా చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. చక్రం రంధ్రంలో నట్టు కొంచెం వదులైందనుకోండి. నట్టు రంధ్రపు గోడకు ఆనే చోటు, బరువుతోపాటు సవ్యంగా చుట్టు తిరుగుతుంది. అంటే నట్టు, పళ్ళెంలో మూత లాగానే, అపసవ్యంగా దొర్లుతుంది. మామూలు కుడి మర నట్టును అపసవ్యంగా తిప్పితే ఊడుతుంది. ఎడమ మర నట్టయితే బిగుస్తుంది. కుడి పక్క చక్రానికి ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది కాబట్టి అక్కడ మామూలు మరే చాలు.

ఎంత దొర్లుతుంది? నట్టు ఆనే చోట వ్యాసం 20 మి.మీ., సందు పదో వంతు మిల్లీమీటరు అనుకుందాం. చక్రం ఒక్క చుట్టు తిరిగితే నట్టు తన చుట్టులో రెండువందలో వంతు తిరుగుతుంది. జీపు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అసలు జారకుండా దొర్లితే అర కిలోమీటరు లోపే నట్టు ఒక పూర్తి చుట్టు ఊడుతుంది. నిజానికి రాపిడి, జారుడు అంత జరగనివ్వవు. కానీ విశాఖ నుంచి అరకు దాకా వెళ్తే చక్రం దాదాపు యాభై వేల చుట్లు తిరుగుతుందని గుర్తుంచుకోండి. అనంతగిరి ఘాటు మలుపుల్లోనూ, పాడేరు, చింతపల్లి సంతలకు పైనా పక్కనా జనాన్ని వేలాడదీసుకుని పోయే కమాండర్ జీపుల్లోనూ ఆ బరువు సామాన్యమైంది కాదు.

ఇదే సూత్రం మీ సైకిలులో ఉంది. ఎడమ పెడలుకు ఎడమ మర. 1900 నాటికి అమెరికాలో సైకిళ్ళు చేసి అమ్ముకుంటున్న రైట్ సోదరులు కూడా అలాగే పెట్టారు. అక్కడా ఒక తప్పుడు వివరణ ప్రచారంలో ఉంది. పెడలు బేరింగు రాపిడి వల్ల ఇరుసు ఊడుతుందని, అది జరగకుండా ఎడమ మర పెట్టారని అంటారు. కాగితం మీద దిశలు వేసి చూడండి: బేరింగు రాపిడి ఎడమ పెడలును సవ్యంగా తిప్పబోతుంది, అంటే మామూలు మరనయితే బిగిస్తుంది. ఆ లెక్కన ఎడమ మర పెట్టడం శుద్ధ పొరపాటు కావాలి. దొర్లుడు దానికి ఎదురు దిక్కున పనిచేస్తుంది, అదే గెలుస్తుంది. పాత ఎంజీ లాంటి బ్రిటిష్ కార్ల తీగచక్రాలకు మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉంటుంది. అక్కడ ఎడమవైపు కుడి మర! సూత్రం మారలేదు. ఆ నట్టు చక్రపు బొడ్డును బయటినుంచి చుట్టుకుని ఉంటుంది. లోపల దొర్లేది ఎదురు దిక్కుకు పోతే, బయటినుంచి చుట్టుకున్నది ఆనే చోటుతోపాటే పోతుంది. ఇది తెలిసిన రోజు నాకు పండగే.

మరి ఇప్పటి కార్లన్నీ నాలుగు చక్రాలకూ కుడి మరలే పెట్టుకుని ఎలా తిరుగుతున్నాయి? ఇక్కడే ఉక్కు గురించి మాట్లాడాలి, విశాఖవాళ్ళకు ఇది చెప్పడం నాకు కాస్త సిగ్గే. నట్టును బిగించడమంటే స్టడ్డును సాగదీయడం. స్పానరుతో 90 న్యూటన్ మీటర్లు పెడితే అర అంగుళం స్టడ్డులో సుమారు మూడున్నర టన్నుల లాగుడు పుడుతుంది. అయిదు స్టడ్లకు పదిహేడు టన్నుల పైన. ఆ ఒత్తిడికి చక్రం, హబ్బు మధ్య పుట్టే రాపిడి రెండున్నర టన్నులు ఉంటుంది. ఒక్కో చక్రం మోసేది మూడు నాలుగు వందల కిలోలు. కాబట్టి చక్రం కదలదు. కదలకపోతే సందు లేదు, సందు లేకపోతే దొర్లుడు లేదు. మంచి ఉక్కు, ఏటవాలు గూట్లో సూటిగా కూర్చునే కోనుముఖం నట్టు, సరైన బిగింపు ఉంటే మర ఏ దిక్కుకున్నా ఒకటే. అమెరికా కంపెనీలు ఒక్కొక్కటే ఇది ఒప్పుకుని ఎడమ మరలు మానేశాయి. క్రైస్లర్ మాత్రం 1970ల మొదటి దాకా పట్టు వదల్లేదు.

అంటే మెకానిక్ మాట నిజమే. కానీ ఆ సాగుడు ఎంతో తెలుసా? పట్టున్న భాగం పొడవు 15 మి.మీ. అనుకుంటే, మూడున్నర టన్నులకు స్టడ్డు సాగేది 25 మైక్రాన్లు. మిల్లీమీటరులో నలభయ్యో వంతు! చక్రాన్ని పట్టి ఉంచేది అదే. ఇప్పుడు పాత జీపుకు ఏం చేస్తారు? చక్రాలకు ముచ్చటగా రెండు పూతలు రంగు వేస్తారు, నట్టు కూర్చునే గూట్లో కూడా. ఆ రంగు మందం 50 మైక్రాన్లకు తగ్గదు. నాలుగు రోజులు తిరిగేసరికి రంగు నలిగి పక్కకు పోతుంది, స్టడ్డు సాగుడంతా దాంతోపాటే పోతుంది. బయటికి నట్టు నట్టులాగే కనిపిస్తుంది. సముద్రపు గాలికి పట్టిన తుప్పు పొరలదీ ఇదే కథ. అప్పుడు మిగిలే కాపలా మర దిక్కు ఒక్కటే. అందుకే వద్దన్నాను.

ఎడమ మరకు ఒక్క చెడ్డ గుణం ఉంది, దాచను. రోడ్డు పక్కన పంచర్లు వేసేవాడికి అది తెలియదు. నట్టు రాలేదని స్పానరుకు పైపు తొడిగి, దానిమీద ఎక్కి నిలబడతాడు, విప్పుతున్నాననుకుంటూ బిగిస్తాడు, స్టడ్డు పుటుక్కున తెగుతుంది. దానికి గుర్తు చూడటం నేర్చుకోవాలి. స్టడ్డు కొసన గుడ్డతో తుడిస్తే "ఎల్" అచ్చు కనబడుతుంది. ఎడమ మర నట్లకు ఆరు మూలల మీదా గాటు పెట్టడం కూడా పాత పద్ధతే. గ్యాస్ వెల్డింగు చేసేవాళ్ళను అడగండి, వెంటనే చెబుతారు: ఎసిటిలీన్ సిలిండరు నట్టుకు గాటు ఉంటుంది, అది ఎడమ మర, ఆక్సిజన్‌ది నున్నగా ఉంటుంది, కుడి మర. ఒకటి తెచ్చి ఇంకోదానికి తగిలించకుండా చేసిన ఏర్పాటు అది.

ఉత్తరం రాసిన పెద్దాయనకు: వచ్చిన స్టడ్లు పారెయ్యకండి, కుడి చక్రాలకు పనికొస్తాయి. మళ్ళీ తెప్పించేటప్పుడు "డ్రైవర్ వైపు" అన్న మాట ఎక్కడా రాయొద్దు; "బండి ఎడమ పక్క, ఎడమ మర, అర అంగుళం, అంగుళానికి 20 చుట్లు" అని రాయండి. పార్టు దొరక్క మెకానిక్ మాటే వినాల్సి వస్తే, ఒక హబ్బుకున్న అయిదూ మార్చండి. మూడు అటూ రెండు ఇటూ కలిపి వదిలేస్తే తర్వాత చక్రం విప్పేవాడి గతి చెప్పలేం. నట్టు కూర్చునే గూట్లో రంగు గీకెయ్యండి. మరకు నూనె పూస్తే అదే బిగింపుకు స్టడ్డు ఎక్కువ సాగుతుంది కాబట్టి పొడిగానే ఉంచండి. చక్రం ఎక్కించి ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక, టార్క్ రెంచితో మరోసారి చూడండి.