బల్లమీది ఇల్లు

బొమ్మసైనికులతో ఆడు యుద్ధక్రీడకు ఇంగ్లండులో ప్రచారము కల్పించినవారిలో ఎచ్.జి. వెల్స్ ఒకరు. ఆయన రచించిన 'లిటిల్ వార్స్' 1913లో వెలువడినది. ఇట్టి క్రీడలలో ఇల్లు కేవలము అలంకారము కాదు. గోడచాటున నున్న సైనికుడు ఎదిరికి కనబడునా, కనబడడా అను దానిపైననే పెక్కుమారులు జయాపజయములు ఆధారపడును. కావున కొలత తప్పినచో ఇల్లే కాదు, ఆటలోని న్యాయమే తప్పును.

మనము 1:72 నిష్పత్తిని గ్రహింతము. ఆరడుగుల మనిషి ఇందు సుమారు 25 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల ద్వారము 28. మూడు మీటర్ల గోడ 42. బొమ్మ నిలుచు పీఠము మందమును ద్వారపు ఎత్తునకు కలుపుట మరువరాదు.

దళసరి అట్టపై గోడలను గీచి, ముందుగా కిటికీలను, వాకిళ్లను కోసి, పిదప గోడలను వేరుచేయవలెను. లోపలి మూలలలో చదరపు కర్రముక్కల నంటించినచో గోడలు నిటారుగా నిలుచును. రంగు ఒకవైపే పూసిన అట్ట ఆరునప్పుడు వంగును. కనుక రెండువైపుల పూయుట మేలు. పైకప్పును మాత్రము అంటింపరాదు. దానిని ఎత్తి సైనికులను లోపల నిలుపవలెను గదా!

తుదకు ఒక సైనికుని వాకిట నిలిపి చూతము. అతడు తల వంచకయే లోనికి పోగలిగినచో మన శ్రమ ఫలించినట్లే.