సముద్రం పేరున్న ఊరి నుంచి సముద్రం దాకా, సైకిల్ మీద

మాది అనుమసముద్రంపేట. అందరూ ఏఎస్ పేట అంటారు, దర్గా ఉన్న ఊరంటే వెంటనే గుర్తుపడతారు. కాలేజీలో పూర్తి పేరు చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న, "మీ ఊరు బీచ్ దగ్గరా?" అని. కాదు. మన ఊరి పేర్లలో సముద్రం, సాగరం అంటే చాలాచోట్ల పెద్ద చెరువని అర్థం. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం అలాంటిదే. అసలు సముద్రం మాకు ఆత్మకూరు, సంగం, నెల్లూరు అన్నీ దాటాక వస్తుంది. మా మెట్ట మండలాల్లో జిల్లాకు సముద్రం ఉందని తెలిసినా ఒక్కసారి కూడా చూడని పెద్దవాళ్ళున్నారు. మా అమ్మమ్మ కూడా చూళ్ళేదు.

సైకిల్ టూరింగ్ అని వెతికితే ముందు స్పెయిన్ వీడియోలే వస్తాయి. ఒకవైపు కొండ, ఒకవైపు నీలం నీళ్ళు, మధ్యలో నున్నటి రోడ్డు. అక్కడి ఎన్-340 అనే రోడ్డు కాదిజ్ నుంచి బార్సిలోనా దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా చాలావరకు తీరం పక్కనే నడుస్తుంది. సైకిల్‌ని దాటే కారు కనీసం మీటరున్నర దూరం వదలాలని అక్కడ చట్టం. అది చూసి మనకిలాంటిది కుదరదులే అనుకుంటాం. కుదురుతుంది, కాకపోతే లెక్క వేరు. సంక్రాంతి సెలవుల్లో నేనూ, నెల్లూరులో ఉండే మా చిన్నాన్న కొడుకూ రెండు పాత సైకిళ్ళ మీద మైపాడు వెళ్ళొచ్చాం. గేర్లు లేవు. ఒక్కోవైపు సుమారు 25 కిలోమీటర్లు. ఆ లెక్కే ఇక్కడ చెప్తున్నా.

మొదటి సంగతి, రూటు. నెల్లూరు తీరాన్ని పొడుగునా చూపించే రోడ్డు ఒకటే లేదు. పెన్న ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఇంకా వాగులూ ఉప్పుటేర్లూ తీరాన్ని ముక్కలు చేస్తాయి. అందుకే మన రోడ్లు దువ్వెన పళ్ళలా ఉంటాయి. హైవే వైపు నుంచి ఒక్కో రోడ్డూ ఒక్కో బీచ్‌కి పోతుంది. తీరం వెంట పోదాం అనుకోకుండా, ఒక పన్ను పట్టుకుని పోయి అదే దారిన రావడం తేలిక. మా పన్ను నెల్లూరు, ఇందుకూరుపేట, మైపాడు. దారికి కాస్త పక్కన, పెన్న ఒడ్డున పల్లెపాడు ఉంది. అక్కడి పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. సైకిల్ దిగి పది నిమిషాలు నిలబడాల్సిన చోటు.

ఊళ్ళు దాటేకొద్దీ వరి చేలు తగ్గి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఏరేటర్లు తిరిగే చప్పుడు రోడ్డుదాకా వినిపిస్తుంది. తర్వాత బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలై క్రమంగా ఉత్తరానికి పెరిగిన కాలువ ఇది. 1876–78 కరువులో తిండిలేని జనానికి పని చూపించడానికి దీనిలో కొంత భాగం తవ్వించారు, అప్పటి గవర్నర్ పేరే పెట్టారు. ఒకప్పుడు ధాన్యం, ఉప్పు, కట్టెలు దీనిమీదే పడవల్లో మద్రాసు చేరేవి. సైకిల్ తొక్కేవాడికి ఈ కాలువ ఇంకో మాట కూడా చెప్తుంది. అంత పొడుగున పడవలు నడిచాయంటే నేల అంత చదునని. ఇక్కడ ఎక్కాల్సిన కొండ లేదు. గాలే కొండ.

రెండో సంగతి ఆ గాలి. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్ళు నిదానంగా. నేల మీద వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అదే సముద్రపు గాలి. పొద్దున పది పదకొండుకి మొదలై మధ్యాహ్నం జోరుగా ఉంటుంది. రాత్రి తిరగబడి నేల నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. కాబట్టి తెల్లవారుజామున తూర్పుకి పోయి, మూడు తర్వాత పడమరకి తిరిగితే రెండుసార్లూ గాలి మన వైపే. వరసగా రెండుమూడు రోజులు వాతావరణం చూసుకుంటే సరిపోతుంది.

ఇది చిన్న విషయం కాదు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. మనం గంటకు 15 కిలోమీటర్లు పోతుంటే ఎదురుగాలి కూడా 15 అయితే, ఒంటికి తగిలేది 30. వేగం రెట్టింపు, నిరోధం నాలుగింతలు. అదే 15 వెనక నుంచి వస్తే నిరోధం దాదాపు సున్నా. రోడ్డు అదే, సైకిల్ అదే, కాళ్ళూ అవే. మారింది బయల్దేరిన టైమ్. మేం ఆరున్నరకి బయల్దేరాం, మూడున్నరకి తిరిగాం. తిరుగు ప్రయాణమే తేలిగ్గా అనిపించింది.

మూడో సంగతి గాలికి వ్యతిరేకం. పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమరకి పోతే రెండుసార్లూ ఎండ మొహం మీదే. మనకి కళ్ళు బైర్లు కమ్మడం ఒక్కటే కాదు, వెనక వచ్చే లారీ డ్రైవర్‌కి కూడా ఎండ ఎదురే, మనం కనపడం. ఇక్కడ మీటరున్నర ఎవరూ వదలరు. నలుపు, బూడిద రంగు చొక్కాలు వద్దు. ముదురు పసుపో, నారింజో వేసుకోండి. వెనక ఎర్ర లైట్ వెలిగేలా పెట్టండి. ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్తూ పోకండి, ఒకరి వెనక ఒకరు పోండి. చీకటి పడేలోపు ఊళ్ళో ఉండాలి.

నాలుగోది నీళ్ళు. తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దాహం అయ్యేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పేసిన మజ్జిగ ఇంకా రుచి. పదకొండు నుంచి మూడు దాకా నీడలోనే కూర్చోండి. మైపాడులో టీ బంకు పెద్దాయన మా సైకిళ్ళు చూసి, "యాడ్నించబ్బాయా, బండ్లు లేవా మీకు?" అన్నాడు. మా వైపు సైకిలంటే బండి కొనలేనోడిదని లెక్క. నెల్లూరు నుంచి తొక్కుకుంటూ వచ్చామంటే ఇంకో టీ పోశాడు, డబ్బులు తీసుకోలేదు.

చివరిది సైకిల్. కొత్తది కొనక్కర్లేదు. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద ఆనిస్తే, పెడల్ కిందికి పోయినప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి. సీటు అంతకన్నా కిందికుంటే మోకాలు నొప్పి ఖాయం. టైర్లలో గాలి నిండుగా ఉండాలి. బ్రేకులు ముందురోజే చూసుకోండి. పంచర్ సామాను, చిన్న పంపు సంచిలో పెట్టుకోండి. ఇసుకలోకి సైకిల్ దింపొద్దు. ఇంటికొచ్చిన రోజే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, చైన్‌కి నూనె వేయాలి. ఉప్పు తడి ఉంటే వారంలో తుప్పు కనిపిస్తుంది.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం, తుఫాను కబురు లేని రోజైతే. మేలో వద్దు, అప్పుడు పడమటి వడగాలి సముద్రపు గాలిని సాయంత్రం దాకా రానివ్వదు. మొదటిసారైతే ముందు ఓ ఆదివారం మీ ఊరి చెరువు దాకా పది కిలోమీటర్లు తొక్కి చూడండి. మర్నాడు మెట్లు ఎక్కగలిగితే మైపాడుకి మీరు రెడీ.