కోనసీమ బడిలో పరీక్ష: సగటు మార్కు చెప్పేదెంత?

2024 డిసెంబరు 4న దేశమంతటా ఒకేరోజు జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌లో 781 జిల్లాల నుంచి 74 వేలకు పైగా పాఠశాలలు, 21 లక్షల మందికి పైగా విద్యార్థులు పాల్గొన్నారు. మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలకు ఏమి వచ్చునో, ఏమి రాదో తెలుసుకోవడం దీని ఉద్దేశం. 2021 నవంబరులో జరిగిన జాతీయ సాధన సర్వే నాటికి అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పిల్లలు తూర్పు గోదావరి జిల్లా లెక్కలో కలిసిపోయి ఉండగా, 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడడంతో ఈసారి వారి సగటు విడిగా లెక్కకు వచ్చింది. కనుక ఆ సగటు దేనికి పనికివస్తుందో, దేనికి పనికిరాదో ఇక్కడి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గ్రహించడం అవసరం.

ఒకే రకమైన ప్రశ్నలు, ఒకే వ్యవధి, ఒకే దిద్దుబాటు పద్ధతి పాటిస్తూ, ఎక్కడి పిల్లలనైనా ఒకే కొలతతో చూసే పరీక్షను ప్రామాణిక పరీక్ష అంటారు. పరఖ్ వంటి సర్వే ప్రతి బడికీ వెళ్లదు. కొన్ని బడులను నమూనాగా ఎంచుకొని, వాటి ఆధారంగా జిల్లా మొత్తాన్ని అంచనా వేస్తుంది. కాబట్టి అది జిల్లా గురించి చెప్పగలదు గాని, ఒక ఊరి బడి గురించి గాని, ఒక పిల్లవాడి గురించి గాని తీర్పు చెప్పజాలదు. జాతీయ స్థాయిలో మూడో తరగతి గణితంలో సగటు 60 శాతం, ఆరో తరగతిలో 46 శాతం, తొమ్మిదిలో 37 శాతం. వీరు వేర్వేరు పిల్లలే అయినా, పైతరగతులకు వెళ్లేకొద్దీ సగటు ఇలా పడిపోవడం కలవరపరచే విషయం. అయితే అంతకన్నా విలువైన సమాచారం సగటులో కాక అంశాల వారీ ఫలితాల్లో ఉంది: 99 వరకు ఉన్న సంఖ్యలను ఆరోహణ, అవరోహణ క్రమాల్లో అమర్చగలిగినవారు మూడో తరగతిలో 55 శాతమే. ఏ పాఠం దగ్గర ఆగి మళ్లీ చెప్పాలో ఈ ఒక్క వాక్యం సూచిస్తుంది. 60 శాతం అన్న సగటు సూచించదు.

చిన్న బడి విషయంలో సగటు మరింత మోసం చేస్తుంది. పదిమంది పిల్లలున్న తరగతిలో సగటు 60 అనుకుంటే, అందులో 90 మార్కులు తెచ్చుకొనే ఒక్క పిల్ల కాన్వెంటు బస్సు ఎక్కినా మిగిలిన తొమ్మిదిమంది సగటు సుమారు 57కు దిగుతుంది. బోధనలో మాత్రం ఏ మార్పూ జరగలేదు. కోనసీమలో దీనికి మరికొన్ని కారణాలు తోడవుతాయి. 2022 జూలైలో వచ్చినటువంటి వరదలప్పుడు కాజ్‌వేలు మునిగి, లంక గ్రామాల రాకపోకలు పడవల మీద ఆధారపడితే చదువు రోజులు తగ్గుతాయి. తల్లి కువైట్‌కో ఖతార్‌కో ఇంటిపనికి వెళ్లిన కుటుంబాల్లో పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర పెరుగుతారు, రాత్రిపూట పలక పట్టించేవారు లేని ఇళ్లూ ఉంటాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక్కరే ఐదు తరగతులకూ చెప్పాలి. ఇవేవీ మార్కుల పట్టికలో కనిపించవు. ఇలాంటి బడిని పట్టణంలోని పెద్ద బడితో పోల్చి ర్యాంకు ఇవ్వడం అన్యాయమే. కానీ ఈ కారణాలు చూపి అక్కడి పిల్లలకు కూడికలు, తీసివేతలు రాకపోవడాన్ని సహించడం అంతకన్నా పెద్ద అన్యాయం.

మరి పరీక్ష ఫలితం పిల్లల చదువును మెరుగుపరచగలదా? ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే గట్టి ఆధారాలు దొరికిన చోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఇక్కడి గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ప్రయోగాలు నడిపారు. ఒక ప్రయోగంలో లాటరీ పద్ధతిలో ఎంపికైన వంద బడుల ఉపాధ్యాయులకు, పిల్లలు ఏ అంశంలో వెనకబడ్డారో వివరించే నివేదికలు ఇచ్చి, అప్పుడప్పుడు తరగతులను గమనించారు. చూస్తున్నప్పుడు ఉపాధ్యాయులు చురుగ్గానే బోధించారు, కానీ ఏడాది చివర ఆ పిల్లల మార్కులు ఇతర బడుల పిల్లల మార్కులకన్నా పెరగలేదు. మరో ప్రయోగంలో పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు సగటున ఏడాది జీతంలో 3 శాతం మేర బోనస్ ఇచ్చినప్పుడు గణితంలోనూ భాషలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అదనపు తరగతులు, ఇంటిపని, సాధన పరీక్షలు పెంచామని ఆ ఉపాధ్యాయులు చెప్పారు. బోనస్‌తో సంబంధం లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లోనూ పిల్లలు ముందుకు వచ్చారు.

డబ్బుతో ముడిపెట్టిన పరీక్షలకు చేదు చరిత్ర కూడా ఉంది. 1862లో ఇంగ్లండ్‌లో ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే విధానం వచ్చింది, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అది అమలైంది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు కోసం వాచకం కంఠస్థం చేయించడం దాని పర్యవసానం. బట్టీతో గట్టెక్కలేని ప్రశ్నలు ఉంటే తప్ప ఏ ప్రోత్సాహకమూ సురక్షితం కాదు. ఇక బోనస్ ఉన్నా లేకున్నా, నివేదిక చేతికి అందడంతో పని పూర్తి కాదని, దానితో తరగతిలో ఏమి చేశారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని మురళీధరన్, సుందరరామన్‌ల రెండు ప్రయోగాలను కలిపి చూస్తే తెలుస్తుంది.

తరగతిలో చేయవలసినది ఏమిటో ఒక తీసివేత లెక్క చూపుతుంది. 52 లోంచి 27 తీసివేయమంటే ఒక విద్యార్థి 35 అని, మరొకరు 79 అని రాశారనుకుందాం. ఇద్దరికీ సున్నాయే. కానీ మొదటి విద్యార్థి ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేశాడు, అతనికి పదుల స్థానం నుంచి అప్పు తీసుకోవడం పుల్లల కట్టలతో చూపాలి. రెండో విద్యార్థి గుర్తు చూడకుండా కూడాడు, అతనికి నేర్పవలసినది గుర్తును గమనించడం మాత్రమే. జవాబు గడిని నింపే ఓఎంఆర్ పత్రం ఈ తేడాను పట్టుకోవాలంటే తప్పు జవాబుల ఎంపికలను కూడా ఆలోచించి రూపొందించాలి; పట్టుకున్నాక ఉపాధ్యాయుడికి ఆ పిల్లలతో విడిగా కూర్చొనే సమయం, అందుకు తగిన సిబ్బంది ఉండాలి. ఆ బాధ్యత ప్రభుత్వానిది.

తల్లిదండ్రులు చేయగలిగినదీ ఉంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రవ్యాప్తంగా మెగా పేరెంట్ టీచర్ సమావేశం జరిగింది, 2025 జూలై 10న మళ్లీ జరిగింది. ఇలాంటి సమావేశానికి వెళ్లే అమ్మ, నాన్న లేదా అమ్మమ్మ ఎన్ని మార్కులు వచ్చాయని, ఎన్నో ర్యాంకని అడగడంతో ఆగకుండా, పిల్లవాడి జవాబుపత్రం తెప్పించుకొని, ఏ లెక్క తప్పు చేశాడో, ఎందుకు తప్పు చేశాడో, దానిని ఎప్పటిలోగా నేర్పుతారో ఉపాధ్యాయుడిని తప్పక అడగాలి.