గ్యాస్ కిట్ అమర్చిన వాహనం వేకువన స్టార్ట్ కాకపోతే: కారణాల క్రమబద్ధ అన్వేషణ

మార్కాపురం, కంభం, గిద్దలూరు పరిసరాల్లోని కూరగాయల రైతుకు వేకువజాము అమూల్యం. సరుకు ఆలస్యంగా మార్కెట్‌కు చేరితే ధర పడిపోతుంది. పెట్రోలు ఖర్చు తగ్గించుకొనేందుకు సి.ఎన్.జి. లేదా ఎల్.పి.జి. కిట్ అమర్చుకున్న చిన్న రవాణా వాహనం ఆ వేళకు స్టార్ట్ కాకపోతే ఆనాటి రాబడే ప్రశ్నార్థకమవుతుంది. గిద్దలూరు–నంద్యాల నల్లమల ఘాట్ దారిలో ఆగిపోతే మెకానిక్ దొరకడమూ కష్టమే. ఇట్టి సందర్భాల్లో గ్యాస్ కిట్‌నే నిందించి, దాని స్క్రూలను తిప్పడం పరిపాటి. లోపం తరచుగా వేరొక చోట ఉంటుంది.

గ్యాస్ స్వభావం

మీథేను దానంతట అది అంటుకొనే ఉష్ణోగ్రత సుమారు 540 డిగ్రీల సెంటీగ్రేడు. పెట్రోలుకు ఇది చాలా తక్కువ. కనుక గ్యాస్ మిశ్రమాన్ని మండించడానికి బలమైన స్పార్క్ అవసరం. పెట్రోలుపై బయటపడని అరిగిన ప్లగ్గు, పగిలిన హైటెన్షన్ వైరు, బలహీనమైన కాయిల్ గ్యాస్‌పై వెంటనే బయటపడతాయి. ఎల్.పి.జి. ద్రవరూపం నుండి ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని రెడ్యూసర్‌కు ఇంజను కూలెంటే అందిస్తుంది. అందుకే రెండు ఇంధనాల వాహనాన్ని ముందుగా పెట్రోలుపై స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కిన తరువాత గ్యాస్‌కు మార్చాలి.

పరీక్షా క్రమం

మొదట వాహనాన్ని రెండు ఇంధనాలపైనా విడివిడిగా స్టార్ట్ చేసి చూడాలి.

1. రెండింటిపైనా ఇబ్బంది ఉంటే బ్యాటరీ, ప్లగ్గు, కంప్రెషన్ చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ పూర్తి చార్జింగ్‌లో సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే దిగువకు పడిపోతే బ్యాటరీని, దాని టెర్మినళ్లను సరిచూడాలి. గ్యాస్ వాడకంలో వాల్వు సీట్లు అరిగి ట్యాపెట్ క్లియరెన్స్ తగ్గితే, వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పడిపోతుంది.

2. గ్యాస్‌పై మాత్రమే ఇబ్బంది ఉంటే గ్యాస్ ఫిల్టరు, సొలనాయిడ్ వాల్వు, రెడ్యూసర్‌లను చూడాలి. రెడ్యూసర్ డయాఫ్రం చెడి గ్యాస్ అధికంగా వస్తే మిశ్రమం చిక్కబడి, ఇంజను స్టార్ట్ కాదు. మట్టి దారుల దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా ఇదే ఫలితం.

3. పెట్రోలుపై మాత్రమే ఇబ్బంది ఉంటే ట్యాంకులో నెలల తరబడి నిలిచిన పెట్రోలును, ఇంజెక్టర్లను అనుమానించాలి. గ్యాస్‌పైనే తిరిగే వాహనాన్ని కూడా ప్రతి వారం కొంత దూరం పెట్రోలుపై నడపడం మేలు.

భద్రత

గ్యాస్ వాసన వస్తే సెల్ఫ్ కొట్టరాదు. సిలిండరు వాల్వు మూసి, వాహనాన్ని ఆరుబయటికి నెట్టి, జాయింట్ల వద్ద సబ్బు నురుగుతో లీకేజీని పరీక్షించాలి. అగ్గిపుల్లతో ఎన్నడూ చూడరాదు. ఎల్.పి.జి. గాలి కంటే బరువైనది కనుక గుంటల్లో, మూసిన షెడ్లలో నేలబారుగా నిలుస్తుంది. రెడ్యూసర్ సర్దుబాటును శిక్షణ పొందిన మెకానిక్‌కే విడిచిపెట్టాలి. సి.ఎన్.జి. సిలిండరుకు 3 సంవత్సరాలకు ఒకసారి జలపీడన పరీక్ష చేయించాలి. వంటగ్యాస్ సిలిండరును వాహనానికి వాడడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం.

విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామ శిక్షణల్లో వోల్టుమీటరు, ప్లగ్గు స్పానరు, సబ్బు నురుగుతో ఈ క్రమాన్ని స్వయంగా చేసి చూపితే, రైతు అనవసర మరమ్మతు ఖర్చును తప్పించుకోగలడు. సరుకునూ సకాలంలో మార్కెట్‌కు చేర్చగలడు.