లక్క ఇంట్లో రెండో దారి

వారణావతంలో పాండవుల కోసం కట్టించిన ఇల్లు చూడ్డానికి ముచ్చటగానే ఉంది. లోపల అడుగుపెట్టగానే ధర్మరాజుకు గోడల్లోంచి నెయ్యి, లక్క కలిసిన వాసన తగిలింది. బయల్దేరేటప్పుడు విదురుడు గూఢంగా చెప్పిన మాట అప్పటికే చెవిలో ఉంది. తర్వాత విదురుడు పంపిన మనిషి వచ్చి గుట్టుగా సొరంగం తవ్వాడు. ఇల్లు తగలబడిన రాత్రి తల్లితో సహా పాండవులు ఆ దారినే బయటపడ్డారు. ఆ రాత్రే ఆ ఇంట్లో నిద్రపోయిన నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు బూడిదయ్యారు. వాళ్లకు సొరంగం సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ కథ ఎప్పుడు విన్నా నాకు ముందు ఆ తల్లే గుర్తొస్తుంది.

కక్షతో కొంపకు నిప్పు పెట్టేవాడు తరచూ తెలిసిన మనిషే. గట్టు తగాదా, అప్పు, పెళ్లికి కాదన్నారన్న కోపం, పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరగడం. ఊళ్లో అయితే ఇలాంటి పగ ముందు గడ్డివాము మీద పడేది. అందుకే వామును ఇంటికి ఆనించి వేస్తానంటే పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కాదు. పట్నం వచ్చాక మనం ఆ జాగ్రత్త వదిలేశాం. అపార్ట్‌మెంట్ కింద మెట్ల మొదట్లోనే వరసగా బైకులు, ప్రతి ట్యాంకులో పెట్రోలు. పక్కన పాత పరుపు, అట్టపెట్టెలు, పైన కరెంటు మీటర్ల బోర్డు. అర్ధరాత్రి ఒక బైకుకు నిప్పు పెట్టినవాడి కోపం ఒక్క ఫ్లాటు మీదే కావచ్చు. పొగ మాత్రం మెట్లెక్కి అన్ని అంతస్తులకూ వెళ్తుంది.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో జరిగింది తలుచుకోండి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి, పొగ పై గదుల్ని కమ్మేసింది, 8 మంది చనిపోయారు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్‌హౌజ్‌లో 17 మంది పోయారు. అవి కావాలని పెట్టిన మంటలని నేననడం లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు దారి మూసుకుపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ రెండు రోజులు చాలు.

కాబట్టి మొదటి పని మెట్ల చుట్టూ ఖాళీ చేయించడం. బైకుల్ని మెట్లకు దూరంగా, గేటు వైపు జరపాలి. సంఘం మీటింగులో దీనికి గొడవ పడాల్సొస్తే పడండి. కెమెరా మంచిదే, కానీ కెమెరా మంటార్పదు. రాత్రంతా వెలిగే లైటు, గేటుకు తాళం, మెట్ల దగ్గర ఐఎస్ఐ గుర్తున్న మంటార్పే సిలిండరు, దాన్ని వాడడం తెలిసిన నలుగురు మనుషులు కావాలి. పిన్ను లాగి, మంట మొదలు మీదికి గురిపెట్టి కొట్టాలి. చిన్న సిలిండరు కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. మంట పెద్దదైతే వదిలేసి బయటికి పరుగెత్తండి, 101కు ఫోన్ చేయండి.

పెట్రోలు సంగతి విడిగా చెప్పాలి. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ తలుపు కింద నుంచి గదిలోకి వస్తుంది. గుమ్మం దగ్గర ఆ వాసన వస్తే లైటు స్విచ్చి నొక్కకండి, అగ్గిపుల్ల గీయకండి, ఆ తలుపు తీయకండి. రెండో దారిన వెళ్లండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది నీటి మీద తేలి ఇంకా పాకుతుంది.

ఆ రెండో దారే చాలా ఇళ్లలో లేదు. దొంగల భయంతో కిటికీలన్నిటికీ గ్రిల్లు బిగించేశాం. ఒక్క గ్రిల్లయినా లోపలినుంచి తెరుచుకునేలా చేయించండి. తలుపుకు బయటివైపు గొళ్లెం ఉంటే పీకించేయండి. దాన్ని బిగించి నిప్పు పెడితే లోపలివాళ్లు బందీలే.

"తగలబెడతా" అన్న మాటను కోపంలో అన్నాడులే అని వదలొద్దు. మెసేజీ ఉంటే దాచండి, స్టేషన్లో రాసివ్వండి, బైండోవర్ చేయమని అడగండి. కొన్నిసార్లు ఆ మాట ఇంట్లోనే వినపడుతుంది. భర్తో అత్తింటివాళ్లో అన్నారని పరువు చూసుకోవద్దు తల్లీ, 181కి గానీ 112కి గానీ చెప్పు, ఆ రాత్రి పుట్టింట్లోనో పక్కింట్లోనో పడుకో. మనిషి నివసించే ఇంటిని నాశనం చేయాలని నిప్పు పెడితే భారతీయ న్యాయ సంహిత 326(జి) కింద యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు.

మంటలారాక ఊడ్చి శుభ్రం చేయకండి. సీసా, గుడ్డపీలిక ఎక్కడివక్కడే ఉంచితే క్లూస్ టీమ్‌కు పనికొస్తాయి. ఎఫ్ఐఆర్ కాపీ బీమాకూ కావాలి. బైకుకు థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మాత్రం కాలిన బండికి రూపాయి రాదు.

ఈ రాత్రి పడుకునేముందు ఒకసారి కిందికి దిగి మెట్ల దగ్గర ఏమేం పెట్టారో చూడండి. గ్రిల్లు తాళంచెవి ఎక్కడ తగిలించారో ఇంట్లో చిన్నపిల్లలకు చూపించండి. చుట్టపుచూపుగా వచ్చి హాల్లో పడుకున్నవాళ్లకు కూడా చెప్పండి.