మిగిలిన ఏళ్లెన్ని?

లేవీయకాండము 25వ అధ్యాయాన్ని మన సంఘాల్లో ఎక్కువగా స్వర్ణోత్సవాలప్పుడే చదువుతుంటాం. కానీ అందులో 14 నుండి 16 వరకు ఉన్న వచనాలు అచ్చంగా క్రయవిక్రయాల లెక్క. ఇశ్రాయేలీయుడు పొలం అమ్మినా నేల శాశ్వతంగా చేయి దాటదు, సునాద సంవత్సరంలో తిరిగి అతనికే వస్తుంది. కొన్నవానికి దక్కేది ఆ లోపటి పంటలే. కాబట్టి ఏళ్లు ఎక్కువ మిగిలితే వెల పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. ఆ బేరంలో ఒకరికొకరు అన్యాయం చేసుకోకూడదు. ఇది దేవుని ఆజ్ఞ.

ఒకరు వాడి అమ్మేస్తున్న హాలిడే క్లబ్ సభ్యత్వాన్ని కొనవచ్చా అని మా సంఘంలోని దంపతులు ఈమధ్య అడిగినప్పుడు మాకు ఈ వచనాలే గుర్తుకొచ్చాయి. చేతిలో ఉన్నది చీటీ ఎత్తిన డబ్బు. రెండేళ్లలో కూతురిని ఇంజనీరింగ్‌లో చేర్చాలి. 'వెల సగానికి సగం తగ్గించారు అయ్యగారూ' అన్నాడు భర్త. ఎన్నేళ్లు మిగిలాయని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

టైమ్‌షేర్ అనే ఈ పద్ధతి 1960వ దశకంలో ఐరోపాలో మొదలై, 1980వ దశకంలో మన దేశానికి వచ్చింది. ఏడాదికి ఏడు రాత్రుల చొప్పున 25 ఏళ్ల సభ్యత్వాలు ఇక్కడ విరివిగా అమ్ముడయ్యాయి. చాలా పథకాల్లో గది మన సొంతం కాదు, వాడుకునే హక్కే మనది. వెళ్లినా వెళ్లకపోయినా వార్షిక రుసుము కట్టాలి, అది ఏటా పెరుగుతూ ఉంటుంది. చేతులు మారితే కంపెనీ అనుమతి కావాలి, బదిలీ రుసుము ఉంటుంది, పాత బకాయిలు తీరాలి. మొదటి సభ్యునికున్న కొన్ని సదుపాయాలు రెండోవారికి రాకపోవచ్చు.

కాగితం మీద లెక్క వేశాం. బదిలీ ఖర్చుతో కలిపి లక్షన్నర, పదేళ్లు మిగిలాయి, వార్షిక రుసుము ఇరవై వేలు అనుకుందాం. మొత్తం మూడున్నర లక్షలు. డెబ్బై రాత్రులూ వాడుకుంటే రాత్రికి ఐదు వేలు. ఏడాది విడిచి ఏడాది వెళ్తే పది వేలు! రైలు ఛార్జీలు, భోజనం వేరే. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కపెట్టాలని ప్రభువు చెప్పింది (లూకా 14:28) శిష్యత్వం గురించే అయినా, ఆ కూర్చోవడం ఇక్కడా అవసరమే.

విహారం పాపమని మేము బోధించం. తినడానికైనా తీరిక లేని శిష్యులను ఏకాంత స్థలానికి పిలిచి విశ్రాంతి తీసుకోమన్నది యేసే (మార్కు 6:31). మన కాపరులలో కొందరు ఈ వచనాన్ని బొత్తిగా మరచిపోయారు! అయితే ఏ వారం ఖాళీ అన్నదే ప్రశ్న. వేసవి సెలవుల గదులు నెలల ముందే నిండిపోతాయి. క్రిస్మస్ వారంలో సంఘ పెద్ద ఎవరైనా ఊరు వదలగలడా? ఏటా ఎలాగూ ప్రయాణం చేసే కుటుంబానికి, అప్పు చేయకుండా రుసుము కట్టగలిగేవారికి ఇది లాభమే కావచ్చు. ఈ దంపతులు మాత్రం గత ఆరేళ్లలో వెళ్లింది ఒక్కసారి, అదీ వేళాంగణికి. మా మట్టుకు, చీటీ డబ్బు కూతురి ఫీజుకే ఉంచమన్నాం.

భార్య అప్పుడు మరో మాట చెప్పింది. అమ్ముతున్న ఆయనకు ఉద్యోగం పోయిందట, అందుకే అంత తగ్గించాడట. అన్యాయం చేయవద్దన్న ఆజ్ఞ అమ్మేవానికీ వర్తిస్తుంది, కొనేవానికీ వర్తిస్తుంది. బకాయి దాచి అమ్మడం ఎంత తప్పో, ఎదుటివాని అవసరం చూసి ఇంకా కిందికి లాగడం అంతే తప్పు.

మిగిలిన ఏళ్లు, బకాయిలు, బదిలీ షరతులు చూపే కాగితం కంపెనీ నుండి తెప్పించమని ఆయనను అడిగారు. అది ఇంకా రాలేదు. కొన్నా కొనకపోయినా ఇక బేరమాడవద్దని మాత్రం ఆమె భర్తకు చెప్పింది, ఆయనా సరేనన్నాడు.