కర్నల్ మెడోస్ టేలర్: దక్కనులో ఒక ఆంగ్లేయ అధికారి

మన పాఠ్యగ్రంథాలలో ఆంగ్లేయ అధికారులు సాధారణంగా రెండు రూపాలలోనే దర్శనమిస్తారు: యుద్ధం గెలిచిన సేనాని, లేదా శాసనం చేసిన గవర్నరు. ఈ రెండింటికీ చెందక, నిజాం సైన్యంలో ఉద్యోగిగా ప్రవేశించి దక్కనులోనే యౌవనమంతా గడిపిన కర్నల్ ఫిలిప్ మెడోస్ టేలర్ పేరు మన విద్యార్థులలో బహుకొద్దిమందికే తెలుసు. అతని జీవితంలోని ఒక ఘట్టాన్ని ముఖ్యంగా దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

టేలర్ 1808 సెప్టెంబరు 25న లివర్‌పూలులో జన్మించినాడు. పదునైదేండ్ల ప్రాయంలో ఒక వర్తకుని కొట్టులో పని నేర్చుకొనుటకు 1824లో బొంబాయి చేరినాడు. తీరా వచ్చి చూడగా ఆ వ్యాపారం చితికిపోయి ఉన్నది. బంధువొకరి సహాయంతో ఆ సంవత్సరాంతానికి నిజాం సైన్యంలో చిన్న ఉద్యోగం లభించినది. ఈ సైన్యానికి జీతం నిజాముది, అధికారులు ఆంగ్లేయులు, ఆజ్ఞ రెసిడెంటుది. కంపెనీ దొరలు ఇందలి ఉద్యోగులను తమతో సమానులుగా ఎంచేవారు కారు. టేలర్‌కు ఈ వెలితి చివరిదాకా తప్పలేదు. ఇటు చూస్తే ఆ వెలితే అతనికి మేలు చేసినదని మా అభిప్రాయం. దేశభాషలే దిక్కు కాగా హిందుస్తానీ, ఫారసీ, మరాఠీ శ్రద్ధగా అభ్యసించి, దుబాసీ లేకుండా రైతుతోను, నవాబుతోను మాట్లాడగలిగినాడు. హైదరాబాదులో పేరు మోసిన షాహుకారు విలియం పామర్ కుమార్తె మేరీని వివాహమాడినాడు. పామర్ తల్లి ఫైజ్ బఖ్ష్ బేగం. అనగా టేలర్ ఇల్లాలు ఒక ముస్లిం మహిళకు మనుమరాలు.

1839లో వెలువడిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవల అతనికి ఇంగ్లండులో గొప్ప కీర్తి తెచ్చినది. అందలి థగ్గుల వర్ణనలో వాస్తవమెంత, ఆంగ్లేయుల ఊహ ఎంత అన్నది నేటి చరిత్రకారులు తర్కిస్తున్న విషయం. దానిని ఇక్కడ విస్తరింపము.

మేము చెప్పదలచిన ఘట్టం షోరాపూరుది. నేడు కర్ణాటకలోని యాదగిరి జిల్లాలో సురపుర అని పిలువబడుతున్న ఈ ఊరు ఆనాడు నిజాంకు లోబడిన బేడరుల సంస్థానం. మన ప్రాంతంలో బోయలని పిలువబడేవారికి బేడరులు సన్నిహితులు. రాజు మరణించగా వారసత్వ కలహాలు, కట్టవలసిన పేష్కష్ బకాయిలు మితిమీరినవి. 1841లో టేలర్‌ను అక్కడికి పంపినారు. రాజకుమారుడు వెంకటప్ప నాయకుడు అప్పటికి పసివాడు. 1853 వరకు సంస్థానపు లెక్కలు, తగవులు, బాలుని చదువు అన్నీ టేలర్ పర్యవేక్షణలోనే నడిచినవి. బాలుడు అతనిని 'అప్పా' అని పిలిచేవాడు. కొండ మీద టేలర్ కట్టించుకొన్న బంగళాకు టేలర్ మంజిల్ అని పేరు.

1853లో సంస్థానం యువరాజు వశమైనది. అదే సంవత్సరం, కంటింజెంటు సైన్యపు జీతాల బాకీ క్రింద బేరారు, రాయచూరు దోఆబు, నల్దుర్గు ప్రాంతాలను నిజాం ఆంగ్లేయులకు అప్పగింపవలసి వచ్చినది. ఏ సైన్యంలో టేలర్ ఉద్యోగం చేసినాడో ఆ సైన్యమే ఈ బాకీకి మూలం! నల్దుర్గు పాలన టేలర్‌కే దక్కినది. భూముల సర్వే జరిపించి, బాటలు వేయించినాడు.

1857లో తిరుగుబాటు చెలరేగగా అతనిని బేరారులోని బుల్ఢాణాకు పంపినారు. ఇచ్చుటకు సైన్యం లేదని రెసిడెంటు ముందే చెప్పినాడు. టేలర్ సేనలు లేకుండానే జిల్లాను శాంతంగా ఉంచి, జనరల్ విట్‌లాక్ సైన్యానికి ఎడ్లను సేకరించి పంపినాడు.

ఇంతలో, 1858 ఫిబ్రవరిలో, షోరాపూరు రాజు ఆంగ్లేయుల మీద ఆయుధం పట్టినాడు. ఓడి హైదరాబాదుకు పారిపోగా సాలార్ జంగు బంధించి ఆంగ్లేయులకు అప్పగించినాడు. చెరలో ఉన్న రాజును చూచుటకు టేలర్ వెళ్ళినాడు. ఇతరుల పేర్లు చెప్పిన శిక్ష తగ్గునను ఆశ చూపినా రాజు చెప్పలేదు. తనను దొంగవలె ఉరితీయవద్దని, ఫిరంగికి కట్టి పేల్చమని కోరినాడు. మరణశిక్ష తగ్గి, తుదకు చెంగల్పట్టు కోటలో నాలుగేండ్ల చెరగా మారినది. కాని హైదరాబాదు దాటిన మొదటి మజిలీలోనే కావలి అధికారి పిస్తోలుతో వెంకటప్ప తనను తాను కాల్చుకొన్నాడు. వయస్సు ఇరువది నాలుగేండ్లు మించదు.

టేలర్ ఈ బాలుని ప్రేమించినాడనుటలో మాకు సందేహం లేదు. రాజును చెడు సలహాదారులు మోసగించినారని అతడు నమ్మినాడు. పండ్రెండేండ్లు తన చేత పెంపబడినవాడు తన జాతి పాలనను స్వయంగా వద్దనుకొని ఉండవచ్చునన్న ఆలోచన అతనికి తోచినట్లు లేదు. శిష్యుడు మరణించిన తరువాత ఆ సంస్థానం పాలనకు టేలర్‌నే మరల నియమించినారు. 1860 సంధిలో షోరాపూరు నిజాం రాజ్యంలో కలిసిపోయినది.

ఆ యేడే ఆరోగ్యం చెడి టేలర్ స్వదేశం చేరినాడు. 1869లో స్టార్ ఆఫ్ ఇండియా బిరుదు లభించినది. 1875లో సాలార్ జంగు ఆహ్వానంపై కడసారి హైదరాబాదు వచ్చి జబ్బుపడి, చూపు కోల్పోయినాడు. మరలిపోవుచు 1876 మే 13న ఫ్రాన్సులోని మెంటన్ పట్టణంలో కన్నుమూసినాడు. చాంద్ బీబీని గూర్చి అతడు వ్రాసిన నవల 1878లో, అతడు పోయిన తరువాతనే, అచ్చయినది.